పుట్టబోయే బిడ్డకి కాట్ కొనాలా, కాట్‌బెడ్ కొనాలా? విజయవాడ, గుంటూరు వాళ్ళు చెప్పండి

శ్రావణి_పటమట

అందరికీ నమస్కారం. నాకు ఏడో నెల నడుస్తోంది, మొదటి కాన్పు. మాది విజయవాడ పటమటలో రెండు పడకగదుల ఫ్లాటు. పురుడు మాత్రం గుంటూరు బ్రాడీపేటలో, అమ్మావాళ్ళింట్లో. బిడ్డకి ఐదో నెల వచ్చాక మా ఇంటికి వస్తాం.

బిడ్డని ఎందులో పడుకోబెట్టాలి అన్న దగ్గర ఇంట్లో తలో మాట అయింది. కాట్ అంటే చుట్టూ కటకటాలుండే పిల్లల మంచం, కాట్‌బెడ్ అంటే కాస్త పెద్దది, తర్వాత కటకటాలు తీసేసి చిన్న మంచంలా వాడుకునేది. మా ఆయన కాట్‌బెడ్ కొందామంటారు, నాలుగైదేళ్ళు వాడుకోవచ్చని. మామయ్యగారి దగ్గర ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టేకు ఉంది, వడ్రంగి చేత చేయిస్తానంటున్నారు. అమ్మేమో ఉయ్యాల ఉండగా ఇవన్నీ ఎందుకు, పైగా పుట్టకముందే వస్తువు ఇంటికి తేకూడదు అంటోంది. ఎవరి మాటా తీసిపారేయలేను. కానీ బిడ్డకి ఏది మంచిదో తెలుసుకుని అదే చేయాలని ఉంది. మా పడకగది పది అడుగులకి పదకొండు. అందులోనే క్వీన్ సైజు మంచం, బీరువా. వాడినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

స్వాతి_లక్ష్మీపురం

శుభాకాంక్షలు శ్రావణీ! మా ఇంట్లో కాట్‌బెడ్ ఉంది. పెద్దవాడు అందులోనే పెరిగాడు. ముందు కొలతల సంగతి. మామూలు కాట్ లోపలి కొలత 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు. కాట్‌బెడ్ 140, 70. చట్రంతో కలుపుకుంటే కాట్‌కి రెండు అడుగుల పైన చిల్లర వెడల్పు కావాలి, కాట్‌బెడ్‌కి రెండున్నర అడుగులు. మీ క్వీన్ మంచం వెడల్పు ఐదడుగులు కదా, దాన్ని ఒక పక్క గోడకి జరిపితే నీ వైపు ఐదడుగులు మిగులుతుంది. కాట్‌బెడ్ వేసినా రాత్రిపూట లేచి నడవడానికి రెండున్నర అడుగులు ఉంటుంది. బీరువా తలుపు, బాల్కనీ తలుపు ఎటు తెరుచుకుంటాయో చూసుకో. నేలమీద చాక్‌పీసుతో గీత గీసి రెండు రోజులు ఆ గీత చుట్టూ తిరిగి చూడు, నీకే తెలిసిపోతుంది.

నాలుగైదేళ్ళు వస్తుందన్న మాట నిజమే గానీ ఒకటి ఆలోచించు. మన ఇళ్ళల్లో పిల్లలు రెండేళ్ళు దాటాక కూడా అమ్మానాన్నల మంచం మీదకే చేరతారు. చాలా ఇళ్ళల్లో కాట్‌బెడ్ మీద ఉతికిన బట్టల కుప్ప ఉంటుంది, పిల్లాడు ఉండడు. మా వాడు అందులో పడుకున్నాడంటే, రెండోది కడుపులో పడ్డాక వాడికి వేరే మంచం అలవాటు చేయక తప్పలేదు కాబట్టి. పక్క కటకటాలు తీసేసి చిన్న మంచంలా మార్చాం. అదే కాట్ అయితే అప్పటికి పొట్టయ్యేది. రెండో బిడ్డ ఆలోచన ఉంటే కాట్‌బెడ్, లేకపోతే కాట్. నా లెక్క ఇంతే.

అమ్మమ్మ_అరండల్‌పేట

తల్లీ, మీ అమ్మ చెప్పింది అంత కొట్టిపారేయకు. మా ఇంట్లో పిల్లలంతా చీర ఉయ్యాలలోనే పెరిగారు. ఇరవై ఒకటో రోజున బాలసారె చేసి ఉయ్యాలలో వేసే ముచ్చట ఎంత బావుంటుందో. పాత నూలు చీర మెత్తగా ఉంటుంది, గాలి ఆడుతుంది, ఊపితే బిడ్డ ఇట్టే నిద్రపోతుంది. పుట్టకముందు కొనకూడదన్నది కూడా పెద్దల మాట. దుకాణంలో చెప్పి ఉంచుకోండి, పుట్టాక తెప్పించుకోండి. ఎవరికీ బాధ ఉండదు.

కవలల_నాన్న_భవానీపురం

అమ్మమ్మగారి మాట బావుంది. మేమూ అలానే చేశాం. డబ్బు కొంత కట్టి ఉంచాం, ఆసుపత్రి నుంచి వచ్చే ముందురోజు మా తమ్ముడు తెచ్చి బిగించాడు. ఒక్కటే జాగ్రత్త, కాన్పు హడావుడిలో పెట్టె విప్పి చూసే తీరిక ఉండదు. బోల్టులన్నీ వచ్చాయో లేదో దుకాణంలోనే లెక్క చూసుకోవాలి.

కొత్తపేట_సిస్టర్

శ్రావణి గారూ, నేను పిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. కాట్ ఏ చెక్కది, ఏ కంపెనీది అన్నది తర్వాత. మొదటి ఆరు నెలలు బిడ్డ ఎలా పడుకుంటోంది అన్నదే అన్నిటికన్నా ముఖ్యం, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

బిడ్డని ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి. పగటి నిద్రకైనా, రాత్రి నిద్రకైనా. పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. దిండు, బొంత, బొమ్మలు, కటకటాలకి కట్టే మెత్తటి దిళ్ళ వరస, ఏవీ వద్దు. పరుపు, దానికి బిగుతుగా తొడిగిన నూలు దుప్పటి, బిడ్డ. అంతే ఉండాలి. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో కారణం తెలియకుండా శిశువులు చనిపోవడం దాదాపు సగానికి తగ్గింది. అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ 2022లో మళ్ళీ ఇదే చెప్పింది. కనీసం ఆరు నెలలు బిడ్డ అమ్మ ఉన్న గదిలోనే, కానీ వేరే పక్క మీద పడుకోవాలంది. ఈ ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి ఆరు నెలల్లోనే, అందులోనూ రెండు మూడు నెలల వయసులో.

వెల్లకిలా పడుకుంటే కక్కిన పాలు గొంతుకి అడ్డం పడతాయని మన పెద్దవాళ్ళ భయం. నిజానికి వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, అన్నం గొట్టం కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు కిందనున్న గొట్టంలోకే జారతాయి. బోర్లా పడుకుంటే ఇది తలకిందులవుతుంది.

అమ్మమ్మగారూ, మీ మాట మీద గౌరవంతోనే చెబుతున్నా. చీర ఉయ్యాలలో బిడ్డ వీపు వంగుతుంది, గడ్డం గుండెకి ఆనుతుంది. నెలల పిల్లలకి మెడ నిలవదు కాబట్టి ఆ వంపులో ఊపిరి ఆడటం కష్టమవుతుంది. ఏడ్చే బిడ్డని ఎదురుగా కూర్చుని ఊపండి, ముచ్చట తీర్చుకోండి. నిద్ర పట్టాక తీసి చదునైన పక్క మీద వేయండి. రాత్రంతా ఉయ్యాలలో వదిలేయడం మాత్రం వద్దు.

అమ్మమ్మ_అరండల్‌పేట

బోధపడింది సిస్టరమ్మా. బాలసారెకి ఉయ్యాల కడదాం, నిద్రకి పక్క మీద వేద్దాం. మరి ఆవాల దిండు సంగతి? అది లేకపోతే తల ఒక పక్కకి అణిగిపోతుందంటారే.

కొత్తపేట_సిస్టర్

ఆవాల దిండూ వద్దండీ. దాని బదులు పాలిచ్చేటప్పుడు, పడుకోబెట్టేటప్పుడు ఒక పూట తల ఇటు, ఒక పూట అటు మార్చండి. మేలుకుని ఉన్నప్పుడు దగ్గర కూర్చుని కాసేపు బోర్లా వేయండి. మెడ గట్టిపడుతుంది, తల గుండ్రం తేలుతుంది.

రమ్య_గుణదల

సిస్టర్, ఆన్‌లైన్‌లో తల వైపు ఎత్తుగా ఉండే వాలు పడకలు చూశాను. పాలు కక్కే పిల్లలకి మంచివని రాశారు. కొనొచ్చా?

కొత్తపేట_సిస్టర్

వద్దు రమ్యా. పది డిగ్రీలకి మించి వాలు ఉన్న శిశు పడకల అమ్మకాన్ని అమెరికా 2022లో చట్టం చేసి ఆపేసింది. ఆ చట్టంలోనే కటకటాలకి కట్టే మెత్తటి దిళ్ళనీ నిషేధించారు. మన దగ్గర పెట్టెలో ఉచితంగా వేసి ఇస్తారు, ముచ్చటగా ఉన్నాయని కట్టేస్తారు. బిడ్డ ముఖం దానికి ఆనుకుంటే తిప్పుకునే శక్తి ఉండదు.

టేకుపని_ఆటోనగర్

అమ్మా, నేను చెక్క పని చేసేవాణ్ని. మామయ్యగారు టేకుతో చేయిస్తానన్నారు కాబట్టి నాలుగు మాటలు. టేకు మంచిదే, చెద పట్టదు, తరాలు ఉంటుంది. కానీ పిల్లల కాట్‌లో ప్రాణం ఉండేది చెక్కలో కాదు, కొలతలో. మీ వడ్రంగి పెద్ద మంచాలు ఎన్ని చేసినా ఈ కొలతలు ఆయనకి తెలియకపోవచ్చు. కాగితం మీద రాసివ్వండి.

కటకటాల మధ్య సందు నాలుగున్నర నుంచి ఆరు సెంటీమీటర్ల లోపు. అంతకన్నా వెడల్పయితే బిడ్డ ఒళ్ళు జారి తల ఇరుక్కుంటుంది. పరుపు వేసే పలకని కనీసం రెండు ఎత్తుల్లో బిగించేలా ఉండాలి. బాగా కిందకి దించినప్పుడు పలక మీద నుంచి పై కమ్మీ దాకా అరవై సెంటీమీటర్లకి తగ్గకూడదు. కాళ్ళ మీద కలశాలు, గుండ్లు చెక్కడం మనవాళ్ళకి సరదా. కాట్‌కి అవి వద్దు. బిడ్డ నిలబడే వయసులో మెడ దగ్గర చొక్కా దానికి తగులుకుంటే వేలాడిపోతుంది. నాలుగు మూలలూ పై కమ్మీతో సమానంగా, నున్నగా ఉండాలి. తల వైపు పలకలో నెమలి, చందమామ అంటూ కన్నాలు కోయించకండి. చేయి, కాలు, తల పట్టే కన్నం ఏదైనా ప్రమాదమే. అడ్డ కమ్మీలు కూడా పెట్టించొద్దు, మెట్లలా ఎక్కేస్తారు. అన్నీ నిలువు కమ్మీలే.

మేకులతో కొట్టిన కాట్ వద్దు. ఊగి ఊగి మేకు బయటకి వస్తుంది. బోల్టులు, లోపల ఇత్తడి మరలు వేయించండి, నెలకోసారి బిగించుకోండి.

రంగు సంగతి. పళ్ళు వచ్చే వేళకి పై కమ్మీని కొరుకుతూనే ఉంటారు. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, మించకూడదని మన దేశంలో 2016లో నిబంధనలు వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమలు. ఆ మాట డబ్బా మీద రాసి ఉంటుంది, చూసి కొనండి. షెడ్డులో మిగిలిపోయిన పాత డబ్బా వాడనివ్వకండి. పాలిష్ వేసినా, పెయింట్ వేసినా వాసన పూర్తిగా పోయేదాకా గాలి తగిలే చోట ఉంచాలి. అందుకే చేయించేదుంటే ఇప్పుడే మొదలుపెట్టించి షెడ్డులోనే ఉంచండి. పుట్టాక ఇంటికి తెచ్చుకుంటే మీ అమ్మగారి మాటా నిలబడుతుంది.

స్వాతి_లక్ష్మీపురం

బాబాయ్ గారూ, ఒక పక్క కటకటం కిందకి జారే కాట్‌లు ఉంటాయి కదా, వంగకుండా బిడ్డని తీసుకోవచ్చని. వాటి మాటేంటి? సిజేరియన్ అయినవాళ్ళకి పనికొస్తాయని దుకాణంలో చెబుతారు.

టేకుపని_ఆటోనగర్

వద్దమ్మా. జారే పక్కని పట్టుకునేది చిన్న ప్లాస్టిక్ గొళ్ళేలు. కొన్నాళ్ళకి అరుగుతాయి. ఒక మూల ఊడి, ఇంకో మూల పట్టుకుని ఉంటే ఆ పక్క వాలిపోయి సందు పడుతుంది. బిడ్డ ఆ సందులోకి జారుతుంది. అలా పిల్లలు చనిపోయాకే అమెరికాలో 2011 జూన్ నుంచి ఈ రకం అమ్మనివ్వడం మానేశారు. మన దగ్గర ఇంకా దొరుకుతున్నాయి. నాలుగు పక్కలూ కదలనిది తీసుకోండి. మొదటి నెలల్లో పలకని పై ఎత్తులో బిగిస్తే పెద్దగా వంగే పని లేదు.

కొత్తపేట_సిస్టర్

బాబాయ్ గారి మాటకి ఒకటి కలుపుతాను. పలక పై ఎత్తులో ఉంచేది బిడ్డ లేచి కూర్చునేదాకానే. పాకడం, కమ్మీ పట్టుకుని లేవడం మొదలుపెట్టక ముందే కిందకి దించేయాలి. చాలామంది రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉంటారు. ఈలోపే పిల్లలు దొర్లిపడి ఆసుపత్రికి వస్తారు.

మాధవి_సింగ్‌నగర్

రెడీమేడ్ కొనేవాళ్ళకి నా మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. పాప కాట్ ఎండీఎఫ్‌ది, అంటే చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే పలకది. నీళ్ళు తగ్గేసరికి కాళ్ళు ఉబ్బి పొరలు పొరలుగా ఊడిపోయింది, బోల్టు పట్టేచోటే లేదు. పక్కింటివాళ్ళ వేప చెక్క మంచం కడిగి ఎండబెడితే నిలిచింది. వరద మాట వదిలేయండి, రోజూ తడిగుడ్డతో తుడిచినా, ఉచ్చ పారినా ఎండీఎఫ్ అంచులు నెమ్మదిగా ఉబ్బుతాయి. కాళ్ళు, కటకటాలైనా గట్టి చెక్కవి చూసుకోండి. బీచ్, రబ్బరు చెక్క, పైన్ రకాలు దొరుకుతాయి. హైదరాబాద్ ఐకియాలో బీచ్ చెక్కతో చేసిన 60, 120 కొలత కాట్ ఉంది. మా మరిదివాళ్ళు కారులో తెచ్చుకుని తామే బిగించుకున్నారు.

రమ్య_గుణదల

మా అక్క వాడిన కాట్ ఉంది, ఇస్తానంటోంది. తీసుకోవచ్చా?

టేకుపని_ఆటోనగర్

కాట్ తీసుకోమ్మా, పరుపు మాత్రం కొత్తది కొను. బోల్టులన్నీ దానివేనా, మధ్యలో ఎవరైనా మార్చారా చూడు. స్కేలు పెట్టి సందులు కొలువు. పట్టుకుని గట్టిగా ఊపు. కీచుమంటే కీళ్ళు వదులయ్యాయని. పాత రంగు పెచ్చులూడుతుంటే ఇంట్లో గీకకు, ఆ పొడిలో సీసం ఉండొచ్చు.

శ్రావణి_పటమట

ఇంత ఓపికగా చెబుతున్నందుకు అందరికీ ఎంతో కృతజ్ఞతలు. మామయ్యగారికి బాబాయ్ గారి కొలతలన్నీ చదివి వినిపించాను, చాలా సంతోషించారు. కలశాలు మానేస్తానన్నారు.

ఇంకా రెండు సందేహాలు. పరుపు ఏది? అమ్మ బూరుగు దూది పరుపు కుట్టిస్తానంటోంది. ఇంకోటి, ఐదు నెలలు గుంటూరులో ఉంటాం కదా. అక్కడికీ ఇక్కడికీ ఒకే కాట్ తిప్పడం కుదరదు. మరి అక్కడ ఏం చేయాలి?

స్వాతి_లక్ష్మీపురం

అసలు ప్రశ్న ఇదే శ్రావణీ, మేమంతా విజయవాడ గది గురించే మాట్లాడుతున్నాం. సిస్టర్ చెప్పిన ఆ కీలకమైన నెలలు నువ్వు ఉండేది బ్రాడీపేటలో. కాబట్టి మొదటి ఖర్చు అక్కడ పెట్టు. మడతపెట్టే ప్రయాణపు కాట్‌లు ఉంటాయి, చుట్టూ వల గుడ్డ, కింద మడిచే పలక. ఫ్రేమ్ గట్టిగా లాక్ అయ్యేది చూసి నీ మంచం పక్కన వేసుకో. తర్వాత మడిచి కారులో వేసుకోవచ్చు, అమ్మమ్మ ఇంటికి వెళ్ళినప్పుడల్లా పనికొస్తుంది. టేకు కాట్‌బెడ్ పటమటలో తీరిగ్గా తయారవుతుంది.

కొత్తపేట_సిస్టర్

స్వాతి గారి సలహా చాలా మంచిది. అయితే ప్రయాణపు కాట్‌తో వచ్చే పలచటి పరుపు చూసి అందరికీ జాలి కలుగుతుంది, బిడ్డకి ఒత్తుకుంటుందని పైన ఇంకో మెత్తటి పరుపు వేస్తారు. వేయకండి. దాని కొలత వేరు, అంచున సందు పడుతుంది, బిడ్డ ముఖం అందులో కూరుకుపోతుంది. పలచటిదే చాలు.

పెద్ద కాట్ పరుపుకీ అదే సూత్రం. చట్రానికీ పరుపుకీ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు కూడా ఉండకూడదు. మధ్యలో అరచేత్తో గట్టిగా నొక్కి చెయ్యి తీయండి. గుంట అలాగే ఉండిపోతే అది బిడ్డకి పనికిరాదు. బూరుగు దూది పెద్దవాళ్ళకి హాయి. నెలల బిడ్డకి మాత్రం వాడేకొద్దీ గుంటలు పడుతుంది. అమ్మగారిని బూరుగు దూదితో మీకు దిండు కుట్టించమనండి, పాలిచ్చేటప్పుడు మోచేతి కింద పెట్టుకోవచ్చు.

టేకుపని_ఆటోనగర్

పరుపు ముందు కొనండి, కాట్ తర్వాత చేయించండి. లేదంటే చేశాక లోపలి కొలత తీసి గట్టి ఫోమ్‌తోనో, కొబ్బరి పీచుతోనో అదే కొలతకి పరుపు కోయించండి. పీచు పరుపుకి పైన పొర సమంగా ఉండాలి, ఎగుడుదిగుడు ఉండకూడదు. మందం నాలుగు అంగుళాలు మించితే కమ్మీ ఎత్తు తగ్గిపోతుంది, నేను చెప్పిన లెక్క చెడుతుంది.

అమ్మమ్మ_అరండల్‌పేట

పరుపు మీద రబ్బరు షీటు వేసి, పైన నూలు దుప్పటి బిగించి తొడగండి. రబ్బరు నేరుగా ఒంటికి తగిలితే మన ఎండలకి చెమటకాయలు లేస్తాయి. రెండు రోజులకోసారి పరుపు ఎండలో వేయాలి. తొడుగులు అరడజను కుట్టించుకో తల్లీ, వానాకాలంలో ఆరవు. ఇంకోటి, స్నానం చేయించాక సాంబ్రాణి పొగ కాట్ దగ్గర పెట్టకండి. ఈ మధ్య మా డాక్టరుగారు వద్దన్నారు, నేనూ మానిపించేశాను.

కవలల_నాన్న_భవానీపురం

దోమల సంగతి ఎవరూ చెప్పలేదు. విజయవాడలో కాలవల పక్కన ఉండేవాళ్ళకి అదే మొదటి బాధ. గొడుగు దోమతెర వేసేటప్పుడు అంచులు పరుపు కిందకి దూర్చండి, వదులుగా బిడ్డ మీదకి జారేలా ఉండకూడదు. బిడ్డ లాగడం మొదలుపెట్టాక తెర తీసేసి, కిటికీలకి మెష్ కొట్టించడమే మేలు. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి పగటి నిద్రకి కూడా తెర కావాలి. దోమల చక్రం పొగ అసలు వద్దు.

కాట్ ఎక్కడ వేయాలన్నదీ చూసుకోండి. కిటికీ కింద వద్దు, పడమటి గోడ పక్కన వద్దు, మే నెలలో రాత్రి పదింటికి కూడా ఆ గోడ వేడి కక్కుతుంది. కర్టెన్ తాళ్ళు, ఫోన్ చార్జర్ తీగలు, స్విచ్ బోర్డు చేతికి అందకూడదు. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. బిడ్డకి ఉక్కపోస్తోందో లేదో చేతులు, కాళ్ళు చూసి కాదు, మెడ వెనక చెయ్యి పెట్టి చూడాలి.

కవలలున్నవాళ్ళకి ఒక మాట: ఒకే కాట్‌లో ఇద్దరినీ వేయకండి. మా వాళ్ళకి రెండు కాట్‌లు పక్కపక్కనే వేశాం.

శ్రావణి_పటమట

రాత్రి అందరం కూర్చుని అనుకున్నాం. గుంటూరుకి మడతపెట్టే కాట్, బిడ్డ పుట్టాక నాన్నగారు తెస్తారు. పటమటలో 140, 70 టేకు కాట్‌బెడ్, కదలని పక్కలతో. అమ్మ కూడా ఒప్పుకుంది, బాలసారె ఉయ్యాల మాత్రం తనదేనంది. బాబాయ్ గారూ, ఒక్క సందేహం. గది ఊడ్చుకోవడానికి వీలుగా కాళ్ళకి చక్రాలు పెట్టిద్దామా?

టేకుపని_ఆటోనగర్

పెట్టించొచ్చమ్మా, నాలుగింటికీ బ్రేకు ఉండేవి అయితేనే. రెండింటికే బ్రేకు ఉంటే టైల్స్ మీద పక్కకి తిరుగుతుంది. చక్రం వల్ల కాట్ రెండంగుళాలు లేస్తుంది, అంతమేర కాళ్ళు పొట్టి చేయమని ముందే చెప్పండి, పైన కమ్మీ ఎత్తు మాత్రం తగ్గించనివ్వకండి. బిడ్డ నిలబడటం మొదలుపెట్టాక చక్రాలు విప్పేసి రబ్బరు బుడిపెలు వేసుకునేలా మరలు ఒకటే కొలతవి వేయించండి. చెక్క కోసే ముందు ఆయన్ని ఒకసారి ఇక్కడ రాసినవన్నీ చదవమనండి, ఏదైనా అర్థం కాకపోతే అడగమనండి, చెబుతాను.